తడి తోలు

ఆ వానాకాలమంతా పొద్దున్నే మా బావిలోంచి తోడిన మొదటి బొక్కెన నీళ్ళు చెప్పులకు పోశాను. ఎవరో కొన్ని వందల ఏళ్ళ కింద తొడిగి, అరిగాక రేవు బురదలో పారేసిన చెప్పులు. తులసికోట దగ్గర నిలబడి అమ్మ రోజూ ఒకటే మాట అనేది.

"దేవునికి పోసినంక పొయ్యరాదే. వాటి పానమేమన్న పోతదా?"

పోతుందని నేననేదాన్ని. అమ్మ నవ్వేది కాదు.

అది 1943. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. ఆరేసిన బట్టలు ఇంజన్ పొగకు మళ్ళీ ఉతకాల్సి వచ్చే ఇల్లు. మా అన్న వామన్‌రావు ఆబిడ్స్‌లో పాత ఊళ్ళను తవ్వించే ఒక ఆఫీసులో పనిచేసేవాడు. ఆ ఎండాకాలం గోదావరి ఒడ్డున ఓడగట్టు అనే దిబ్బను తవ్వించాడు. ఒకప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చే పడవలు ఆగిన రేవు పట్నం అది. తవ్వకం ముగిసేసరికి ఆఫీసు కింది గదుల్ని యుద్ధం పనులకని తీసుకున్నారు. సామాను పెట్టడానికి చోటు లేక కుండపెంకుల గంపలన్నీ మా పెరట్లో దిగాయి.

"నేను కాపురానికి వచ్చిననాడు గూడ ఈ ఇంట్ల గిన్ని సామాన్లు దిగలె," అన్నది అహల్య వదిన.

అన్నిటికంటే చివర ఒక రేకు తొట్టి వచ్చింది. స్టేషన్ నుంచి దాన్ని నెత్తిన మోసుకొచ్చినవాడు దుర్గయ్య, ఓడగట్టు తవ్వకంలో మేస్త్రీ. ఆ ఊరి మాదిగవాడ మనిషి. మాట్లాడే ముందు ఓసారి గొంతు సవరించుకునేవాడు.

"బండి ఆగిన కాడల్లా దిగి నీళ్ళు జల్లిన చిన్నమ్మా. ఒకకాడ నల్లా ముట్టినవని తిట్టిన్రు. తిడితే తిట్టనీ అని జల్లిన."

తొట్టిలో తడి గోనెసంచుల మడతల మధ్య తోలు ఉంది. చెప్పుల అడుగులు, వార్లు, కోయగా మిగిలిన ముక్కలు. ఒక అడుగు నా అరచేతికన్నా చిన్నది. ఏ తల్లో పిల్లవాడి కాలు పట్టుకుని తొడిగి ఉంటుంది. బురదలో గాలి తగలకుండా ఉండబట్టి అవి అన్నాళ్ళు నిలిచాయి. తడి ఆరకూడదని మాకు చెప్పినవాడు మెక్రే దొర. రైళ్ళ ఇంజనీరుగా చేసి పని మానుకుని, యుద్ధం వల్ల తన దేశానికి పోలేక ఆబిడ్స్‌లోని ఒక హోటల్లో కాలం గడుపుతున్న స్కాట్లాండు ముసలాయన. ఆయన పుట్టిందీ ఒక రేవు పట్నంలోనే. అక్కడ మోరీ కోసం రేవు వీధిని తవ్వితే అడుగున పాత చెప్పులు బయటపడ్డాయట. ఓడగట్టు గుంట ఒడ్డున నిలబడి ఆయన ఒకటే చెప్పాడట: ఒక్కసారి ఎండిందంటే సముద్రం తెచ్చి పోసినా అది మళ్ళీ తోలు కాదు. ఆ మాటను తెలుగు చేసి దుర్గయ్యకు చెప్పినవాడు మా అన్నే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తెలియక జరిగిందని తర్వాత చాలామంది నాతో అన్నారు.

తొట్టిని అమ్మ పెరటి చివరి మూలకు పంపింది. ఇంట్లో ఆడవాళ్ళు బయట ఉన్న మూడు రోజులూ కూర్చునే మూల అది. దుర్గయ్య బావి ముట్టకూడదు. మేము తోలు ముట్టకూడదు. కనుక నేను నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోసేదాన్ని, అతను గోనెలు విప్పి ఒక్కొక్క ముక్కను తిప్పి మళ్ళీ కప్పేవాడు. స్టేషన్ గోదాము వెనక చెల్లెలి ఇంట్లో ఉంటూ పొద్దున, సాయంత్రం వచ్చేవాడు. అంతా ఒక ఏర్పాటులాగా సాగిపోయింది. అందులో ఎంత పిచ్చితనముందో నాకప్పుడు తోచలేదు. మనం పుట్టి పెరిగిన పిచ్చితనం గాలిలాంటిది, పీల్చినంతకాలం కనిపించదు.

శ్రావణంలో ఒక ఆదివారం అన్న మమ్మల్నందరినీ పెరటి మెట్ల దగ్గరికి పిలిచాడు. పై మెట్టు మీద కోటగోడ దగ్గర దొరికిన ఇటుకలు పెట్టాడు. నడిమి మెట్టు మీద ఇళ్ళ నేలల్లో దొరికిన పెంకులు. వాటిలో ఎక్కడో దూరదేశంలో చేసిన ఆకుపచ్చ మెరుగు పెంకు కూడా ఉంది. కింది మెట్టు మీద నల్లబురద పొరలోవి: పడవలు కట్టిన గుంజల ముక్కలు, తాడు పోగులు, చేపల ముళ్ళు. పక్కన నేల మీద తోలు తొట్టి.

"రాజు అడవి కొట్టించి ఈ పట్నం కట్టించిండని ఆడ దొరికిన రాతి శాసనం చెప్తున్నది," అన్నాడు అన్న. "కోటగోడ ఈ నల్లబురద మీద లేచింది. అంటే బురద ముందు, రాజు వెనక. అడవిల ఇన్ని చెప్పులు ఎవరికోసం కుట్టిన్రు?"

"మరి రాయి మీద అబద్ధం రాస్తరా?" అన్నది అమ్మ.

"రాయి మీదనే రాస్తరమ్మా. బురద మీద రాయనీకె రాదు."

దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు. "గోడ కింద మావోళ్ళున్నరన్నట్టు సాబ్."

"ఔ. పడవలోళ్ళు, మీవోళ్ళు, చేపలోళ్ళు. వాళ్ళతోనే ఊరు మొదలైంది. ఈ తవ్వకం మీద రాసే పుస్తకంల గట్లనే రాస్త. తోలు చూసి తీసింది నువ్వని నీ పేరు గూడ రాస్త."

"పేరుదేముంది గని, వచ్చే ఏడు తవ్వకంల గూడ నన్నే మేస్త్రీగ ఉంచుండ్రి."

"రెండూ చేస్త."

ఆ రోజు అన్న మొహం చూడముచ్చటగా ఉంది. చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరి వైపు చూసి మాట్లాడే మనిషి ఆ కాసేపు ఎవరి వైపూ చూడలేదు. మెక్రే దొర వచ్చి అన్నీ పరిచి చూసి, ఫోటోలు తీసి, తన అభిప్రాయం రాసిస్తే పుస్తకానికి బలం వస్తుంది. దొర ఏదో పని మీద వేరే ఊరెళ్ళాడు, భాద్రపదంలో తిరిగి రాగానే మా ఇంటికి వస్తానని కబురు పెట్టాడు. అప్పటిదాకా మేము చేయవలసింది తడి ఆరకుండా చూడటం ఒక్కటే.

భాద్రపదంలోనే నాన్న తద్దినం.

దానికి ముందురోజు నేను బయట కూర్చున్నాను. బావి ముట్టకూడదు, గడప దాటకూడదు. నా పక్కనే తొట్టి. పొద్దున దుర్గయ్య వచ్చి నా వైపు చూసి, బావి వైపు చూశాడు. పెరటి గోడకు చేరబడి కూర్చున్నాడు. వదిన స్నానం చేసి మడి కట్టుకుని వంటింట్లోకి పోయింది. అమ్మ అన్నను పెరట్లోకి తీసుకొచ్చింది.

"తోలు నానిన నీళ్ళు పారే పెరట్లకు పితృదేవతలు ఎట్ల వస్తరు రా? మీ నాయన ఉన్నప్పుడు పెరుగమ్మేది గూడ వాకిట్లనే నిలబడేది."

అన్న చాలాసేపు తొట్టి వైపు చూశాడు. తర్వాత అతని మొహంలోకి ఒక తేట వచ్చింది. లెక్క కుదిరినవాడి తేట.

"తడి ఉంటేనే గదమ్మా మైల. ఎండిన తోలుకు మైలేంది? మద్దెల తోలు కాదా? గుళ్ళె వాయిస్తలేరా? తద్దినం అయ్యేదాక డాబా మీద ఎండల పెడ్తం. అయినంక మళ్ళ నానేస్తె సరి."

"అన్నా, ఎండొద్దని నువ్వే చెప్పినవు," అన్నాను మూలనుంచి.

"ఒక్క పూటకేం కాదు. నువ్వు జర ఊకో."

దుర్గయ్య లేచాడు. "సాబ్, నేను మా చెల్లె ఇంటికి తీస్కపోత. ఆడ నీళ్ళ గోలెం ఉంది. మీ పని అయినంక మళ్ళ తెస్త."

"సర్కారు సామాను నీ ఇంట్ల పెడ్తవా? ఎవరన్న అడిగితె నేనేం చెప్పాలె?"

"నీ ఇంటికి వోయిన వస్తువును మళ్ళ ఈ ఇంట్లకెట్ల రానిస్తం?" అన్నది అమ్మ, నిజంగానే అర్థం కాక.

తొట్టిని దుర్గయ్యే డాబా మీదికి మోశాడు. మోయగలిగినవాడు అతనొక్కడే. పక్క మెట్ల మీదుగా వెళ్ళి, గోనెలు విప్పి, చెప్పినట్టే ఒక్కొక్క ముక్కను పరిచి, కిందికొచ్చాడు. ఎండబెట్టొద్దని, తీసుకుపోతానని మళ్ళీ అడిగాడు. ఇక పొమ్మని, తద్దినం అయ్యేదాకా ఇటు రావద్దని అన్న చెప్పాడు.

వారం రోజులుగా ముసురు పట్టిన ఆకాశం ఆ మధ్యాహ్నం విచ్చుకుంది. వానల నడుమ కాసే ఎండ వేసవి ఎండకంటే పదును. వంటింటి కిటికీ దగ్గరికి వదిన వచ్చినప్పుడు బతిమాలాను.

"వదినా, ఒక్క బొక్కెన. డాబా మీద పోసి రా."

"మడిల ఉన్న ప్రభా. మీ అమ్మ చూసిందంటే వంటంత పారబోయమంటది." ఆమె డాబా వైపు ఒకసారి చూసింది. "మీ అన్నకు ఇంతకుముందే చెప్పిన. ఆ తోలు మీద నీకున్న పట్టింపు మీ నాయన మీద లేదా అన్నడు. ఇగ నేనేమంటా?"

నేను ఆ మూల కూర్చుని డాబా పిట్టగోడ వైపు చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు పోయగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. బావి నిండా నీళ్ళున్నాయి.

మర్నాడు బ్రాహ్మలు వచ్చారు, భోంచేశారు, గారెలు బాగున్నాయన్నారు, వెళ్ళారు. అప్పుడు అన్న మొదటిసారి తనే డాబా ఎక్కాడు. కిందికి దిగేటప్పుడు చేతిలో పాత చేట ఉంది. తోలు ముక్కలు ఎండిన ఆకుల్లా ముడుచుకుని ఉన్నాయి. తొట్టిలో వేసి తనే నీళ్ళు తోడి పోశాడు. చాలాసేపు చూశాడు. ఒక చిన్న ముక్కను తీసి వేళ్ళతో విప్పబోయాడు. అప్పడం విరిగినంత చప్పుడయింది. నీళ్ళ మీద నల్లటి పొట్టు తేలింది.

అతను తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత బావి దగ్గరికి వెళ్ళి స్నానం చేశాడు.

మరుసటి సాయంత్రం అన్న ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ వదినతో అన్నాడు. "దుర్గయ్యను తీసేసినం."

నేను ఇంకా ఆ మూలనే ఉన్నాను. "ఎందుకు?"

"తడిగ ఉంచుమంటే ఎండల పడేసిండు. ఆఫీసుల అందరి ముందల అడిగిన. జవాబు చెప్పలె."

అబద్ధమాడేవాడు చూపు తప్పించుకుంటాడంటారు. మా అన్న తప్పించుకోలేదు. నన్ను భయపెట్టింది అదే. ఆ రెండు రోజుల్లో అతని మనసు ఎవరికీ తెలియకుండా, బహుశా అతనికి కూడా తెలియకుండా, జరిగినదాన్ని విప్పి మళ్ళీ కుట్టుకుంది. కొత్త కుట్టులో డాబా ఉంది, ఎండ ఉంది, దుర్గయ్య ఉన్నాడు. అన్న నోటినుంచి వచ్చిన మాటే లేదు.

"మోసింది అతను. మొయ్యమన్నది ఎవరు?"

"మరి మెక్రే దొరకు నన్నేం చెప్పుమంటవ్? మా ఇంట్ల తద్దినముండె, అందుకని ఎండబెట్టినమని చెప్పన్నా? ఇంటి పరువేం గావాలె?"

"పరువు గూడ ఆ తోలుతోనే డాబా మీద ఎండబెట్టిన్రు గద," అన్నది వదిన వంటింట్లోంచి. అన్న అన్నం తినకుండానే లోపలికి పోయాడు. అమ్మ వదినను తిట్టింది.

ఇప్పటికీ నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. బండల మీది శాసనం చదవగలిగినవాడు, రాజు అబద్ధాన్ని రాతి మీద పట్టుకున్నవాడు, తన అబద్ధాన్ని పుట్టించడానికి రెండు రోజులకు మించి తీసుకోలేదు. దానికి రాయి కూడా అక్కరలేకపోయింది. ఒక మాదిగ మేస్త్రీ ఎదురుగా ఉంటే చాలింది.

నాలుగో రోజు నేను తలస్నానం చేశాను. మెక్రే దొర ఆ సాయంత్రమే వచ్చాడు. పొడుగాటి మనిషి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ముందు గదిలో కూర్చున్నాడు. మేస్త్రీ నిర్లక్ష్యం గురించి అన్న ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. నేను కాఫీ గ్లాసులు కింద పెట్టి, అదే ఇంగ్లీషులో, అలా జరగలేదన్నాను. ఎలా జరిగిందో చెప్పాను. తద్దినం, బావి, నేను కూర్చున్న మూల, అన్నీ. బయట ఉండటమనే మాటకు ఇంగ్లీషు లేక కొంత తడుముకున్నాను, అయినా చెప్పాను.

దొర కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. తన ఊళ్ళో కూడా ఆ చెప్పుల్ని బండ్లకెత్తి సముద్రంలో పోశారట. ఊరు పుట్టింది రాజు ఇచ్చిన పత్రంతోనని అక్కడి పెద్దమనుషులకు చిన్నప్పటి నుంచి తెలుసట, బురద చెప్పేది వినే ఓపిక లేకపోయిందట. "నేను కళ్ళారా చూడనిదాని మీద ఏమీ రాయలేను," అని టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర అన్నతో చేయి కలపలేదు. మళ్ళీ రాలేదు.

పుస్తకం రెండేళ్ళకు అచ్చయింది. ఒక ప్రతి కొని చదివాను. రాజు అడవి కొట్టించి ఓడగట్టు పట్నం నిర్మించాడు. శాసనం ఫోటో ఉంది. నల్లబురద పొరలో పేర్కొనదగిన వస్తువులేవీ దొరకలేదు. అది చదివేనాటికి నేను హిమాయత్‌నగర్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటూ వేరే గదిలో ఉంటున్నాను. అమ్మ పండగలకు కబురు పెట్టేది. పోయేదాన్ని కాదు.

అదంతా తర్వాతి మాట. దొర వచ్చి వెళ్ళిన మర్నాడు నేను గోదాము వెనక వాడకు వెళ్ళాను. దుర్గయ్య చెల్లెలు జంగమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"ఇంక దేనికొచ్చిన్రమ్మా? తీసేసిన్రు గద. ఇంక ఏమన్న వోయిందా మీ ఇంట్ల?"

"నువ్వు ఊకో," అని దుర్గయ్య లోపలినుంచి వచ్చాడు. నేను చెప్పాను. దొర ముందు, అన్న ముందు నిజం చెప్పానని. నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉండి ఉంటుంది.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఏడ చెప్పినవ్?"

"మా ఇంట్ల, ముందు గదిల."

"నన్ను ఆఫీసుల నిలబెట్టి అన్నరు చిన్నమ్మా. గుమాస్తాలు, జవాన్లు, అందరున్నరు. మావూరోళ్ళు ఇద్దరుండిరి కూలికి వచ్చినోళ్ళు. వాళ్ళు ఊర్ల చెప్తరు, దుర్గయ్య సర్కారు సొమ్ము ఖరాబు జేసిండని. నన్ను తప్పు జేసినోన్ని జేసినప్పుడు నేను ఆడ ఉన్న. నువ్వు మంచోన్ని జేసినప్పుడు నేను యాడున్న?"

"మరి ఆఫీసులనే చెప్త. నువ్వు గూడ రా."

"నేనెందుకొస్త? మళ్ళ వాళ్ళ ముందల నిలబడనీకా?"

అటునుంచి అటే ఆబిడ్స్‌కు నడిచాను. ఆ ఆఫీసు మెట్లు అప్పటిదాకా ఎక్కి ఎరుగను. పైన పొడుగాటి హాలు, రెండు వరసల బల్లలు, తలలు వంచుకుని రాస్తున్న మనుషులు. చివరి బల్ల దగ్గర అన్న. నేను హాలు మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. ఓడగట్టు తోలును దుర్గయ్య ఎండబెట్టలేదు, మా ఇంట్లో తద్దినం కోసం మా అన్న ఎండబెట్టించాడు, వద్దని దుర్గయ్య రెండుసార్లు చెప్పాడు. ఇంతే అన్నాను.

కలాలు ఆగాయి. అన్న నింపాదిగా లేచాడు. అతని మొహంలో కోపం లేదు, జాలి ఉంది.

"మా చెల్లె," అన్నాడు అందరితో. "కొన్నాళ్ళ నుంచి మనసు బాగుంట లేదు. రామచందర్, జర టాంగా పిలిపించు."

రామచందర్ అనే గుమాస్తా కుర్చీ తెచ్చాడు. "కూసోండమ్మా. ఎండల పడి వచ్చిన్రు. నీళ్ళు తాగుండ్రి." మంచివాడు. అందరూ మంచివాళ్ళే. నేను అబద్ధమాడుతున్నానని ఒక్కరైనా అంటే ఎదురు చెప్పగలిగేదాన్ని. ఎవరూ అనలేదు. ఒకాయన జవానుతో కిటికీ తెరిపించాడు, నాకు గాలి ఆడుతుందని. కలాలు మళ్ళీ కదిలాయి.

నేను నీళ్ళు ముట్టకుండా దిగి వచ్చాను. రోడ్డు అవతల బట్టల దుకాణం అరుగు కింద దుర్గయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

"ఏమన్నరు?"

"నా మనసు బాగలేదన్నడు. అందరు నమ్మిన్రు."

అతను కాసేపు ఆ పై కిటికీల వైపు చూశాడు. టాంగా వచ్చి మా ముందు ఆగింది. బండివాడు నన్ను ఎక్కమన్నట్టు చూశాడు. నేను కదల్లేదు.

"నేను ఖరాబు జేసిన్నంట, నీకు పిచ్చంట," అన్నాడు దుర్గయ్య. ఈసారి గొంతు సవరించుకోలేదు. "తోలు మంచిగుండె గద చిన్నమ్మా."

"ఔ," అన్నాను. "మంచిగుండె."